ఉచిత నివాస సూత్రం: టీకా తాత్పర్య సహితం

మూలం: ఊరికే ఉండనిచ్చితిమి. కాగితము లేదు. కావున మాకేమియు సంబంధము లేదు.

అవతారిక. ఈ సూత్రానికి కర్త ఎవరో తెలియదు. ప్రతి అపార్టుమెంటు సంఘంలోనూ, ప్రతి పాత పెంకుటింటి వారసుల్లోనూ ఇది అక్షరం పొల్లుపోకుండా వినిపిస్తుంది కనుక అపౌరుషేయమనే అనుకోవాలి. పఠించే సమయం మాత్రం నియతం. మెట్ల కింది గదిలో వాచ్‌మన్ భార్యకు కరెంటు షాకు కొట్టాక, లేదా వెనక వసారా కూలి అందులో తలదాచుకున్న దూరపు చుట్టం కాలు విరిగాక, పోలీసులు వచ్చి ‘ఇల్లెవరిది?’ అని అడిగాక పఠించాలి. అంతకుముందు అదే గదిని గురించి అదే నోటి వెంట వచ్చే పాఠం వేరు: ‘పాపం, నిలవనీడ లేదంటే మేమే చేరదీశాం.’ దానం చేసినట్టు నలుగురిలో చెప్పుకున్న గది ఒక్క ప్రమాదంతో అనాథ అయిపోతుంది. మెదకు సీమ కొలిచెలమకు చెందిన మల్లినాథసూరి ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ప్రతిజ్ఞ చేసి కాళిదాసుకు వ్యాఖ్యానం రాశాడు. ఈ టీకాకారుడు మొదటి ప్రతిజ్ఞకు కట్టుబడతాడు. రెండోదానికి హామీ లేదు.

టీక. ‘ఉండు’, ‘ఇచ్చు’ ధాతువులు తేలిక కనుక విడిచిపెడుతున్నాం. ‘ఊరికే’ దగ్గర ఆగాలి. దీన్ని అవ్యయంగా కాక, ‘ఊరు’ మీద షష్ఠీ విభక్తి చేరిన రూపంగా తీసుకుని ‘బాధ్యత ఊరికే గాని మాకు కాదు’ అని అన్వయించినా యజమాని సంతోషంగా ఒప్పుకుంటాడు. ప్రసిద్ధార్థం తీసుకుంటే మాత్రం చిక్కొస్తుంది. వాచ్‌మన్ తెల్లవారకముందే మోటరు వేస్తాడు, కార్లు తుడుస్తాడు, ట్యాంకరు వస్తే పైపు పట్టుకుంటాడు. అతని భార్య పై అంతస్తుల్లో అంట్లు తోముతుంది. పాతింట్లో ఉన్న చుట్టం పొద్దు గూకగానే దీపం పెడతాడు, కొబ్బరికాయలు దింపించి పట్నానికి పంపుతాడు, పక్కవాడు గోడ జరపకుండా చూస్తాడు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 105వ సెక్షను లీజుకు ప్రతిఫలం డబ్బే కానక్కర్లేదంది. పంటలో వాటా కావచ్చు, సేవ కావచ్చు, విలువున్న మరేదైనా కావచ్చు. అంతమాత్రాన ప్రతి వాచ్‌మనూ కౌలుదారేనని వాదించబోవడం లేదు. కొలువు కోసం ఇచ్చిన గదిని కోర్టులు సాధారణంగా లీజుగా కాక అనుమతిగానే, అంటే లైసెన్సుగానే, చూస్తాయి. సరే, లైసెన్సే అనుకుందాం. నిజంగానే చిల్లిగవ్వ కూడా, చీపురు పుల్ల సేవ కూడా తీసుకోలేదనే అనుకుందాం.

‘కాగితము లేదు’ అన్న రెండో వాక్యం నిజం, కానీ నిష్ప్రయోజనం. ఏడాదికి మించిన లీజుకు రిజిస్టరు దస్తావేజు తప్పనిసరి. మన అద్దె ఒప్పందాలన్నీ పదకొండు నెలల దగ్గర ఆగిపోవడం వెనక రహస్యం అదే. అంతకు లోపలిది నోటిమాటతో, స్వాధీనం అప్పగించడంతో చెల్లుతుంది. అనుమతికి మాట కూడా అక్కర్లేదు. అదే 1882లో వచ్చిన ఈజ్‌మెంట్స్ చట్టం 54వ సెక్షను ప్రకారం ఇచ్చేవాడి ప్రవర్తన చాలు. తాళంచెవి చేతిలో పెట్టడం ప్రవర్తనే. కనుక కాగితం లేకపోవడం వల్ల సంబంధం లేకుండా పోదు. దాన్ని రుజువు చేయడం కష్టమవుతుంది, అంతే. ఆ కష్టం ఎవరి మీద పడుతుందో సూత్రం పఠించేవాడికి బాగా తెలుసు.

ఇక అసలు ప్రమాణం. ఆ చట్టంలోనే 57వ సెక్షను: స్థలంలో ప్రాణానికో సొత్తుకో ముప్పు తెచ్చే లోపం యజమానికి తెలిసి, ఉండేవాడికి తెలియకపోతే, యజమాని దాన్ని చెప్పితీరాలి. 58వ సెక్షను: ఆ స్థలాన్ని ప్రమాదకరం చేసే పనేదీ యజమాని చేయకూడదు. ఈ రెండింట్లో అద్దె మాట లేదు. శాసనకర్త మరిచిపోయాడంటారా? 64వ సెక్షను చూడండి. గడువు తీరకముందే వెళ్లగొడితే నష్టపరిహారం ఇవ్వాలన్న చోట, ప్రతిఫలం తీసుకుని ఇచ్చిన అనుమతికే అది వర్తిస్తుందని స్పష్టంగా రాశాడు. డబ్బుతో పనున్న చోట డబ్బు మాట ఎత్తినవాడు, ప్రాణంతో పనున్న చోట ఎత్తలేదంటే అది బుద్ధిపూర్వకమే. ఊరికే ఉన్నవాణ్ని పరిహారం లేకుండా పంపించవచ్చు. గోడలో తీగ ఊడి ఉందని చెప్పకుండా ఉంచకూడదు. మీమాంసకులు ఇంతకంటే చిన్న ఆధారం మీద యాగాలు నడిపించారు.

విశేషం. యజమాని కాగితం ఎందుకు రాయడు? భయం. రాస్తే ఉండేవాడికి హక్కు పుడుతుందని, ఏళ్ల తరబడి ఉంటే ఇల్లే వాడిదవుతుందని. ఈ భయం ఈనాటిది కాదు. ఇతరుడు అనుభవిస్తుంటే చూస్తూ నోరెత్తని యజమానికి భూమి విషయంలో ఇరవై ఏళ్లకు, ఇతర ధనం విషయంలో పదేళ్లకు హాని అని యాజ్ఞవల్క్యుడు తన స్మృతిలో చెప్పాడు. ఆ స్మృతికి మితాక్షర అనే వ్యాఖ్య రాసిన, కల్యాణి చాళుక్య ఆరో విక్రమాదిత్యుడి కాలంవాడైన విజ్ఞానేశ్వరుడు ఇక్కడ యజమానుల పక్షాన గొప్ప పని చేశాడు: పోయేది ఫలమే గాని భూమి కాదన్నాడు. అంటే తిన్న పంట తిరిగిరాదు, పొలం మాత్రం వస్తుంది. యాజ్ఞవల్క్య స్మృతి స్వయంగా కూడా తాకట్టును, ఎల్లను, దాచమని ఇచ్చిన సొత్తును, పసివాళ్ల ఆస్తిని, స్త్రీధనాన్ని, రాజధనాన్ని, శ్రోత్రియుల ధనాన్ని ఈ నియమం నుంచి తప్పించింది. నమ్మి అప్పగించినదాన్ని కాలం మింగదన్నమాట. విజ్ఞానేశ్వరుడి మితాక్షరను పదమూడో శతాబ్దంలోనే కేతన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఏడువందల ఏళ్ల పైచిలుకుగా ఇంటి భాషలో ఉన్న ధర్మం ఇంటాయనకు ఇంకా అందలేదు. నేటి కాలపరిమితి చట్టం ఇరవైని పన్నెండు చేసింది, నిజమే. కానీ ఆ పన్నెండేళ్లు యజమాని హక్కును కాదని ఎదురు నిలిచినవాడికి, అనుమతితో ఉన్నవాడికి కావు. గోవాకు చెందిన తోబుట్టువుల తగాదాలో 2012లో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది: ఊరికే ఉంటున్నవాడికి, కాపలాదారుకు, పనివాడికి దశాబ్దాలు గడిచినా ఆస్తిలో హక్కు పుట్టదు. కనుక ‘అనుమతితోనే ఉంటున్నాడు’ అని ఒక కాగితం రాసుకుంటే అది యజమానికే కవచం. భయపడి రాయకపోవడం, రాయలేదు కనుక సంబంధం లేదనడం, రెండూ ఒకే అజ్ఞానం నుంచి పుట్టాయి. టీక సూత్రాన్ని వదిలి చాలాదూరం వచ్చింది. సూత్రం మెట్ల కిందే ఉంది.

పూర్వపక్షం. ‘ఉపకారం చేసినవాడికి శిక్షా? ఇలాగైతే ఇక ఎవరూ ఎవరికీ గది ఇవ్వరు.’ ఈ ఆక్షేపణ వినసొంపుగా ఉంటుంది. కానీ చట్టం అడిగింది ఎంత? కొత్త పైకప్పు వేయమనలేదు, గోడలకు సున్నం వేయమనలేదు. తెలిసినది చెప్పమంది, తెలిసి ముప్పు తేవద్దంది. చెబితే డబ్బు ఖర్చు కాదు. చెప్పడం కూడా భారమైన ఉపకారం ఎలాంటిదో పాఠకులే ఊహించుకోవాలి. ‘అతనికీ కళ్లున్నాయిగా’ అన్నది రెండో ఆక్షేపణ. దానికి జవాబు 57వ సెక్షనులోనే ఉంది. ఉండేవాడికి తెలిసిన లోపాన్ని చెప్పే పూచీ యజమానికి లేదు. అయితే ఎర్త్ లేని మీటరు, స్లాబు లోపల తుప్పు పట్టిన ఇనుము కంటికి కనబడవు. వాటిని ఏ ధరకు కట్టించాడో యజమానికే తెలుసు. ‘ఒప్పందం లేనిదే బాధ్యత ఎక్కడిది?’ అన్నది మూడోది. ఢిల్లీ చాందినీ చౌక్‌లో గడియార స్తంభం కూలి జనం చనిపోయిన కేసులో 1966లో సుప్రీంకోర్టు మున్సిపల్ కార్పొరేషన్‌దే పూచీ అంది. దారిన పోయేవాళ్లు స్తంభానికి అద్దె కట్టారా, కార్పొరేషన్‌తో కాగితం రాసుకున్నారా? ఇక నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే పాత శిక్షాస్మృతి 304ఏ, ఇప్పటి భారతీయ న్యాయసంహిత 106 అద్దె రసీదు అడగవు.

అసలు కోపం ఈ అజ్ఞానం మీద కూడా కాదు. అద్దె ఇచ్చేవాడి గది కూలితే యజమాని కనీసం కంగారు పడతాడు. ఊరికే ఉన్నవాడి గది కూలితే ‘సంబంధము లేదు’ అని గ్రాంథికంలోకి దిగుతాడు. డబ్బిచ్చినవాడి ప్రాణానికి ఒక రేటు, పని చేసినవాడి ప్రాణానికి ఇంకో రేటు అని పైకి అనడు, సూత్రంగా చెబుతాడు.

పాఠపరిష్కారం. మొదటి రెండు వాక్యాలకు వ్యవహారంలో ఆధారం ఉంది కనుక వాటిని ఉంచుతున్నాం. ‘కావున’ మొదలు చివరిదాకా ఉన్న వాక్యానికి 1882 చట్టాల్లో గాని, తర్వాతి తీర్పుల్లో గాని మూలం లేదు. అది ప్రక్షిప్తం, కొట్టివేయడమైనది.