డేగ మీద బ్రహ్మాస్త్రం

పిచ్చుకలు ఏమైపోయాయన్న ప్రశ్నకు మన నగరాల్లో జవాబు దొరికేసింది. గుడ్లను కాకులు తాగేశాయట. పెద్దవాటిని డేగలు ఎత్తుకుపోయాయట. ఒకటీ అరా మిగిలితే వాటిని పిల్లులు సర్దేశాయట. ఏటా మార్చి 20న, పిచ్చుకల దినం పూట, టోపీలు పెట్టుకుని ఫొటోలు దిగాక టిఫిన్ల దగ్గర ఈ మాట తప్పకుండా వినబడుతుంది. చెప్పేవాళ్ళ గొంతులో బాధ కన్నా ఊరటే ఎక్కువ. ఉండదా మరి? దోషి దొరికాడు. పైగా వాడికి రెక్కలున్నాయి, సంఘం మీటింగుకొచ్చి ఎదురు చెప్పడు.

ఈ లెక్కన డేగా, కాకీ, పిల్లీ తెలుగునాటికి రియల్ ఎస్టేటుతో పాటే దిగాయనుకోవాలి. అంతకుముందు పిచ్చుకలది రామరాజ్యం.

పెంకుటింట్లో పెరిగినవాళ్ళను అడగండి. దూలానికీ గోడకీ మధ్య సందులో ఒక గూడు, ఏటవాలుగా వేలాడే తాతగారి ఫొటో వెనక ఇంకో గూడు. గడ్డిపరకలు తాతగారి చెవి పక్కనుంచి మీసాల్లా దిగుతుండేవి. వసారాలో వడ్ల కుచ్చు. పెరట్లో అమ్మమ్మ చేట పట్టిందంటే నూకల కోసం గుంపు వాలిపోయేది. అదే ఇంట్లో పొయ్యి పక్కన పిల్లి పడుకునేది. చూరులో జెర్రిపోతు తిరిగేది. గూట్లో పిల్లల గోల రాత్రిపూట ఉన్నట్టుండి ఆగిపోయిందంటే వచ్చిందెవరో ఇంటిల్లిపాదికీ తెలుసు. వేపచెట్టు మీద కాకులు, పొదల్లో జెముడుకాకి, ఆకాశంలో గద్ద. ఎర్రటి ఎండలో డేగ ఒక్క ఉదుటున వాకిట్లోకి దూసుకొచ్చి, చేట చుట్టూ చేరిన గుంపులోంచి ఒకదాన్ని గోళ్ళతో ఒడిసిపట్టుకుని పోయేది. రెండు ఈకలు గాల్లో తిరుగుతూ నేలకు దిగేవి. కాసేపటికి మిగతా గుంపు మళ్ళీ చేట దగ్గరే. ఇంతమంది శత్రువుల నడుమ, ఆ కిచకిచలకు మధ్యాహ్నం కునుకు పట్టని ఇళ్ళవి.

మరిప్పుడు పద్నాలుగో అంతస్తులో పాము లేదు. జెముడుకాకి ఊసే లేదు. డేగ కనబడితే పిల్లలు ఫోన్లు తీసి వీడియో తీస్తారు. టిఫిన్ల సిద్ధాంతం నిజమైతే అక్కడ పిచ్చుకలు కిటకిటలాడాలి. కిటకిటలాడుతున్నవి పావురాలు, వాటికి అడ్డంగా వలలు.

కాకమ్మ కబుర్లు వదిలేసి లెక్కలు చూద్దాం. 2020లో వచ్చిన ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ నివేదిక ప్రకారం దేశం మొత్తం మీద పిచ్చుకల సంఖ్య పాతికేళ్ళుగా దాదాపు నిలకడగానే ఉంది. తగ్గింది ఆరు మహానగరాల్లో. అందులో హైదరాబాదు ఒకటి. అంటే పిల్లీ పామూ డేగా కాపురముంటున్న పల్లెల్లో పిచ్చుక నెట్టుకొస్తోంది. గేటుకు కాపలా, గోడకు కెమెరా ఉన్నచోట మాయమైంది. 2023 నివేదికలో ఇంకో విషయం కూడా ఉంది: మొత్తంగా వేటాడే పక్షులే తగ్గిపోతున్నాయి. దొంగలు చిక్కి శల్యమవుతున్నారు, దొంగతనాలు మాత్రం పెరుగుతున్నాయని మనం నమ్మాలి.

ఒక పిచ్చుక జంట ఏడాదిలో రెండు మూడు విడతలు పిల్లల్ని చేస్తుంది, విడతకు మూడు నుంచి ఐదు గుడ్లు. అన్నీ బతికితే బాల్కనీలు ఖాళీ చేసి మనమే పోవాలి. ఆ జంట పోయేలోగా ఇంకో జంట నిలదొక్కుకుంటే చాలు, సంఖ్య చెక్కు చెదరదు. మిగతావి ఆకలికో, జబ్బుకో, వానకో, డేగకో పోయేవే. డేగ తినేది వడ్డీ. అసలు ఎవరు మింగారో దాన్ని అడిగితే ఏం చెబుతుంది?

నిజానికి డేగను ఆడిపోసుకోవడంలో మనం బ్రిటన్ వాళ్ళ ముందు బడిపిల్లలం. 1950ల చివరికొచ్చేసరికి అక్కడి పొలాల్లో వాడిన డీడీటీ, డీల్డ్రిన్ దెబ్బకు స్పారోహాక్ అనే డేగ తూర్పు ఇంగ్లండులో దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. శత్రువు లేని ఆ ఏళ్ళలో పెరటి పక్షులు ఇబ్బడిముబ్బడిగా పెరగాలి కదా? పెరగలేదు. మందుల మీద ఆంక్షలొచ్చి డేగ మెల్లగా తిరిగొచ్చాక మాత్రం అందరి వేళ్ళూ దానివైపే. చివరికి ‘సాంగ్‌బర్డ్ సర్వైవల్’ అనే సంస్థ, వేటాడే ప్రాణుల మీద అనుమానమున్న సంస్థే, డబ్బిచ్చి మరీ అధ్యయనం చేయించింది. 2010లో ఫలితం వచ్చింది. ఇరవై తొమ్మిది జాతుల పక్షుల్ని పరిశీలిస్తే, వాటిలో అత్యధిక జాతులు వేటాడే ప్రాణుల వల్లే తగ్గాయనడానికి ఆధారం దొరకలేదు. సొంత డబ్బుతో పిలిపించిన సాక్షి అడ్డం తిరిగాడు. పట్నాల్లో పిచ్చుక తగ్గడానికి డేగే కారణమని వాదించిన శాస్త్రవేత్తలు కూడా అక్కడ ఉన్నారు, ఆ మాట దాచను. వాళ్ళు కనీసం లెక్కలు ముందేసుకుని వాదించారు, ఇడ్లీ ప్లేటు కాదు.

ఆ పెరళ్ళలోనే గ్రీన్‌ఫించ్ అనే పచ్చటి పిట్ట కథ ఇంకా బాగుంటుంది. 2005 నుంచి దాన్ని ట్రైకోమొనోసిస్ అనే గొంతు జబ్బు పట్టుకుంది. జనం ప్రేమగా పెట్టి, కడగడం మరిచిన గింజల పళ్ళేల దగ్గర, నీళ్ళ తొట్ల దగ్గర అది ఒకదాన్నించి ఒకదానికి అంటుకుంది. 2021లో ఆ పిట్ట ప్రమాదంలో ఉన్న పక్షుల ఎర్ర జాబితాకెక్కింది. ఇంత ఘనకార్యం ఏ డేగకూ చేతకాలేదు.

ఇక మన సంఘాల తీర్మానాల పుస్తకం ఏది తెరిచినా సరే. నాలుగో అంశం: పిచ్చుకల సంరక్షణార్థం కాకి గూళ్ళున్న కొమ్మలు నరికించుట. ఐదో అంశం: లానులో పురుగుమందు కొట్టడం, దోమల పొగ పెట్టడం ఇకపై నెలకు రెండుసార్లు. రెండూ ఏకగ్రీవం. నాలుగుకీ ఐదుకీ మధ్య గీత మాత్రమే ఉంది, అనుమానం లేదు. పెద్ద పిచ్చుక గింజలు తిని బతుకుతుంది కానీ, గుడ్డులోంచి అప్పుడే వచ్చిన పిల్లకు గింజ అరగదు. దానికి మెత్తటి పచ్చపురుగు కావాలి, పేనుబంక కావాలి, చిన్న సాలీడు కావాలి. తల్లీతండ్రీ రోజంతా తిరిగి నోట కరుచుకొచ్చేది వాటినే. ఆన్‌లైనులో తెప్పించిన రంగుల గూడు, పక్కన పాలిష్ పట్టిన బియ్యం, కింద పురుగన్నది లేని పచ్చిక: పిల్లలు ఆకలికి మాడిపోవడానికి ఇంతకన్నా శుభ్రమైన ఏర్పాటు ఉండదు. అవి గూట్లోనే చస్తాయి. ఏ డేగా చూడదు, ఏ సీసీ కెమెరాకూ దొరకదు. సంవత్సరాంతపు నివేదికలో మాత్రం కాకి పేరుంటుంది.

కాకి గూళ్ళు నరికిన సంఘానికి ఒక చిన్న ఇబ్బంది ఎదురవుతుంది. కోయిల గుడ్లు పెట్టేది ఎక్కువగా ఆ గూళ్ళలోనే. అయినా ఉగాది సంబరాలకు లోటేమీ రాదులెండి, క్లబ్‌హౌస్ స్పీకర్లో కోయిల రికార్డు వేస్తారు. మధ్యలో కరెంటు పోయిందా, ఏ తీగ మీదో కాకి వాలే ఉంటుంది.