‘మొత్తం పోతుంది’: టీకా, తాత్పర్యం

మూలం: ‘ఫార్మాట్ చేస్తే ఇందులోని డేటా మొత్తం పోతుంది. కానివ్వమంటారా?’

అవతారిక. ప్లేస్టేషన్ 4కు తెలుగు రాదు. కాబట్టి పై మూలం, కొత్త డిస్కు తగిలించినప్పుడు తెరమీద ఇంగ్లీషులో వచ్చే హెచ్చరికకు తెలుగు సేత. యంత్రం నోట వచ్చింది గనుక ఇది అపౌరుషేయమని ఎవరైనా వాదించవచ్చు గానీ, నెలజీతం తీసుకునే మనిషెవరో రాసిందేనని దాని ముక్తసరితనమే చెబుతోంది. మెదక్ జిల్లా కొల్చారం వాడైన మల్లినాథసూరి కాళిదాసుకు సంజీవని అనే వ్యాఖ్య రాయబోతూ, మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకున్నాడు. ఆ ఒట్టులో మొదటి సగం ఈ టీకకూ వర్తిస్తుంది. రెండో సగం సంగతి చదివేవారే తేల్చుకోవాలి. ఇక అనుబంధ చతుష్టయం. విషయం గేమ్ పెట్టెకు డిస్కు మార్చడం, ప్రయోజనం చోటు, సంబంధం నాలుగు మరలు. అధికారి అంటే ఇక్కడ తహసీల్దారు కాదు, ఈ శాస్త్రం చదవడానికి అర్హుడు: వికారాబాద్ జిల్లా బంట్వారం మండలంలో ఉంటూ, ఫోన్ హాట్‌స్పాట్ మీద గేమ్ దించుకోవాల్సి వచ్చే పోరడు.

ప్రతిపదార్థం. ‘ఫార్మాట్’ అన్న మాటకు రెండర్థాలున్నాయి. ఒకటి, డిస్కును గడులుగా ఏర్పరచి ఏ గడిలో ఏముందో రాసుకునే చిట్టాను కొత్తగా తెరవడం. రెండోది, ఆ చిట్టా రాసే లిపి. ప్లేస్టేషన్ 3కి బయటినుంచి తగిలించే డిస్కుల విషయంలో ఎఫ్ఏటీ32 అనే ఒక్క లిపే వచ్చు. ఆ లిపిలో ఒక ఫైలు 4,294,967,295 బైట్లకు మించకూడదు. సంఖ్య అలా ఎందుకుందంటే, ఫైలు పొడవు రాసుకోవడానికి ఆ చిట్టాలో 32 బిట్ల చోటే విడిచారు. చెక్కులో అంకెల గడి ఎంత ఉంటే అంత మొత్తమే రాయగలిగినట్టు. అందుకే ఐదు జీబీల సినిమా, వంద జీబీలు ఖాళీగా ఉన్న డిస్కులోకి కూడా ఎక్కనంటుంది. ‘ఇందులోని’ అన్నది చిన్న పదమే అయినా జాగ్రత్తగా చదవాలి. 2017 మార్చిలో వచ్చిన 4.50 సాఫ్ట్‌వేర్ నుంచి ప్లేస్టేషన్ 4కు యూఎస్‌బీ డిస్కును పక్కన కూడా తగిలించుకోవచ్చు. ఆ పక్క డిస్కులో గేములుంటాయి తప్ప, ఆడి ఎంతవరకు వచ్చామో గుర్తుంచుకునే సేవ్ ఫైళ్లు ఉండవు. అవి పెట్టె లోపలి డిస్కులోనే ఉంటాయి. అంటే పక్క డిస్కు ఫార్మాట్ చేసినప్పుడు ‘ఇందులోని’ ఒకటి, లోపలి డిస్కు మార్చినప్పుడు ‘ఇందులోని’ మరొకటి. మూలకారుడు రెంటికీ ఒకే బెదిరింపు సరిపెట్టాడు.

అసలు పేచీ ‘పోతుంది’ దగ్గరుంది. ఈ టీక ప్రతిపాదన ఒక్కటే: ఫార్మాట్ వల్ల పోయేది డేటా కాదు, దాని లెక్క. ప్రమాణం చూడండి. ఒక టీబీ డిస్కు సెకనుకు వంద ఎంబీ చొప్పున రాస్తుందనుకుందాం. మొదటి గడి నుంచి చివరి గడి దాకా ఒక్కసారి సున్నాలు నింపాలంటే పదివేల సెకన్లు, అంటే మూడు గంటలకు కొంచెం తక్కువ కావాలి. ఫార్మాట్ అయిందని తెర చెప్పేదేమో నిమిషం తిరక్కుండానే. మూడు గంటల పని నిమిషంలో అయిందంటే ఆ పని జరగలేదనే అనుమాన ప్రమాణం. పొగ ఉన్నచోట నిప్పున్నట్టు, తొందర ఉన్నచోట తుడవడం లేదు. శబ్ద ప్రమాణం కూడా ఉంది. ఇదే పెట్టె సెట్టింగుల్లో ‘ఇనీషియలైజ్’ అన్నచోటికి వెళితే ‘క్విక్’ అనీ ‘ఫుల్’ అనీ రెండు దారులు చూపిస్తుంది, రెండోదానికి గంటలు పడుతుందని తానే చెబుతుంది. విండోస్‌లోనైతే విస్టా రాకముందు ‘ఫుల్ ఫార్మాట్’ కూడా సున్నాలు రాసేది కాదు, పాడైన గడులున్నాయేమో చూసుకుంటూ పోయేది, అంతే. ఇన్నేళ్లుగా ‘పోతుంది’ అని చదివి గుండె జారినవాళ్లంతా జరగని పనికే భయపడ్డారు.

బంట్వారం పాఠకుడికి ఇది కొత్త న్యాయం కాదు, భూమి రికార్డుల్లో చూసిందే. నిజాం కాలపు సేత్వార్‌లో చేను ఒకరి పేర ఉండేది, 1954–55 ఖాస్రా పహాణీలో ఇంకొకరి పేర ఎక్కేది. 2020 అక్టోబరు 29న ధరణి వచ్చింది. పట్టాదారు పక్కన అనుభవదారు పేరు రాసే కాలం పహాణీలో లేకుండా పోయింది. కాలం పోయిందని ఆ చేలో దున్నేవాడు పోయాడా? కంది పోయిందా, గెట్టు పోయిందా? మట్టి అంగుళం కదల్లేదు. చిట్టా మారింది, అంతే. డిస్కులోనూ ఇదే జరుగుతుంది. పాత గేము తాలూకు బైట్లు ఎక్కడివక్కడే పడి ఉంటాయి. కొత్త చిట్టా వాటిని ‘ఖాళీ’ అని రాసుకుంటుంది, ఎవరైనా కొత్తవాడు వచ్చి ఆ గడిలో దున్నేదాకా అవి అలాగే ఉంటాయి. ఒక చిన్న తేడా మాత్రం ఒప్పుకోవాలి: డిస్కు దగ్గర అర్జీ పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగే అనుభవదారు ఉండడు.

పూర్వపక్షం. లెక్క పోయాక సరుకుంటే ఎంత, లేకపోతే ఎంత? చదవలేనిది లేనట్టే కదా, మూలకారుడు వాడుక భాషలో ‘పోతుంది’ అన్నాడు, దానికింత గొడవ ఎందుకని ఒకరంటారు. ఈ ఆక్షేపణలో బలం ఉంది. ప్లేస్టేషన్ 4 లోపలి డిస్కు విషయంలో ఇది దాదాపు నిజం కూడా. ఆ డిస్కుమీద రాతంతా ఆ ఒక్క పెట్టె దగ్గరే ఉండే తాళంచెవితో రహస్యలిపిలో ఉంటుంది. విప్పి కంప్యూటరుకు తగిలిస్తే ఫైళ్లేమీ కనిపించవు, ఇంకో ప్లేస్టేషన్‌లో పెడితే అది కొత్త డిస్కనుకుని మళ్లీ ఫార్మాట్ అడుగుతుంది. కానీ పక్కన తగిలించే డిస్కు సంగతి వేరు. ఇంట్లో ఉండే యూఎస్‌బీ డిస్కు సాధారణంగా ఖాళీది కాదు, అన్న పెళ్లి వీడియో ఉన్నది. అది కంప్యూటరు రాసిన మామూలు రాత, తాళం లేదు. పొరపాటున పెట్టె దాన్ని ఫార్మాట్ చేసిందనుకోండి. ‘మొత్తం పోయింది’ అని నమ్మినవాడు ఏడ్చి, ఇక పోయిందేదో పోయిందని దానిమీద రెండు గేములు దించుతాడు. అప్పుడు నిజంగా పోతుంది. లెక్కే పోయిందని తెలిసినవాడు డిస్కు వెంటనే ఊడదీసి, దానిమీద మరొక్క బైటు రాయకుండా, పోయిన ఫైళ్లను వెతికే సాఫ్ట్‌వేర్ ఉన్నవాడి దగ్గరికి పట్టుకుపోతాడు. ముహూర్తమంతా కాకపోయినా తలంబ్రాల దాకా దొరకవచ్చు. అర్థభేదం వల్ల ఫలభేదం ఉన్నప్పుడు, దాన్ని వాడుక భాష అని వదిలేయడం వ్యాఖ్యాతకు తగదు.

ఇంకో ఆక్షేపణ, ఇది మరింత పదునైనది. తిరిగే డిస్కుల కాలం అయిపోయింది, ఎస్ఎస్‌డీల మాటేమిటి? వాటిలో ‘ట్రిమ్’ అని ఒక ఆదేశం ఉంటుంది. ఖాళీ అని ప్రకటించిన గడులను డిస్కే తీరిక చూసుకుని తనంతట తాను తుడిచేసుకుంటుంది. ఆ ఆదేశం అందిన చోట ‘పోతుంది’ అన్నది అక్షరాలా నిజమే. ఈ టీక ప్రతిపాదన అంతవరకు ఓడిపోయింది, దాచడం దేనికి. అయితే అక్కడ కూడా తుడిచింది ఫార్మాట్ కాదు. ఫార్మాట్ లెక్క చెరిపింది, ఆ లెక్క చూసి డిస్కు తుడుచుకుంది. దోషం ఆదేశానిదా, ఆచరించినవాడిదా అన్నది మీమాంసకులకు వదిలేద్దాం.

ఇక ‘మొత్తం’. ఈ పదాన్ని రెండుగా చీల్చి చూడాలి. పెట్టెలో ఉండే ఆస్తి పిత్రార్జితం, స్వార్జితం అని రెండు రకాలు. గేము పిత్రార్జితం లాంటిది. కొన్న ఖాతా ఉన్నంతకాలం మళ్లీ దించుకోవచ్చు, గేము డిస్కు కొనుక్కుని ఉంటే మళ్లీ ఎక్కించుకోవచ్చు. సేవ్ ఫైలు స్వార్జితం. నలభై రాత్రులు ఆడి సంపాదించింది, ఈ భూమ్మీద దానికి ఇంకో ప్రతి లేదు. పరిమాణం చూస్తే తలకిందులు. 2018లో వచ్చిన రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 రెండు డిస్కుల్లో సర్దాల్సి వచ్చింది, దాదాపు వంద జీబీలు. దాని సేవ్ ఫైలు కొన్ని ఎంబీలు. వంద జీబీల గేము పోతే మళ్లీ వస్తుంది, ఆ కాసిని ఎంబీలు పోతే రావు. హెచ్చరిక చదివినవాడు సహజంగా పెద్దదాని గురించి దిగులుపడతాడు. సేవ్ ఫైళ్లు క్లౌడ్ అనే ఆకాశంలో భద్రంగా ఉంటాయి కదా అనేవారికి సమాధానం క్లుప్తం: ఆ ఆకాశానికి ప్లేస్టేషన్ ప్లస్ అనే చందా కట్టాలి. చందా లేనివాడికి జేబులో పట్టే పెన్‌డ్రైవే ఆకాశం.

ఇంత తంటా పడి డిస్కు మార్చడమెందుకు, ఒక గేము తీసేసి ఇంకోటి దించుకుంటే పోలేదా అన్నది నగరవాసి పూర్వపక్షం. ఫైబర్ కనెక్షన్ ఉన్నవాడికి అది సిద్ధాంతమే. బంట్వారంలో లెక్క వేసి చూడండి. రోజుకు రెండు జీబీల ఫోన్ ప్లాను మీద వంద జీబీల గేము దించాలంటే యాభై రోజులు, అదీ ఇంట్లో ఎవరూ ఒక్క వీడియో చూడకుండా ఉంటే. హద్దు లేని కనెక్షనే ఉండి, సెకనుకు పది మెగాబిట్లు నిలకడగా వచ్చాయనుకున్నా ఇరవై రెండు గంటలు. కొన్న గేము డిస్కు ఉంది కదా అంటే, అందులో ఉన్నది విడుదలనాటి గేము; తరవాతి దిద్దుబాట్లు మళ్లీ దించుకోవాల్సినవే. 2022లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న తాండూరు కందిని పండించే రైతు కావలసినప్పుడల్లా అంగడికెళ్లి తెచ్చుకోవచ్చు గదా అని గుమ్మి కాల్చేసుకోడు. సరుకు తెచ్చుకునే దారి సన్నగా ఉన్నచోట గుమ్మి పెద్దదిగా ఉండాలి. 2013లో ఈ పెట్టె 500 జీబీలతో వచ్చింది, అందులో వాడకానికి మిగిలేది నాలుగు వందలకు అటూ ఇటూ. రెడ్ డెడ్ లాంటివి నాలుగు పడితే నిండిపోతుంది. కాబట్టి పెద్ద డిస్కు పట్నంలో సౌఖ్యం, పల్లెలో అవసరం.

కొలతల దగ్గర శ్లేష ఉంది. అట్టపెట్టె మీద ఒక టీబీ అని ఉన్నది విండోస్‌కు తగిలిస్తే 931 జీబీ అంటుంది. కొట్టువాడు మోసం చేయలేదు. అమ్మేవాడు వెయ్యి లెక్కన గుణిస్తాడు, విండోస్ 1024 లెక్కన భాగిస్తుంది, పేరు మాత్రం ఇద్దరూ ‘జీబీ’ అనే అంటారు. ఒకే పద్యంలో రాముడి కథా పాండవుల కథా చెప్పిన పింగళి సూరన కూడా ధర ఒక కథకే తీసుకునేవాడేమో. దీనికన్నా ముఖ్యమైన కొలత మందం. లోపలి డిస్కు రెండున్నర అంగుళాల సాటా రకం, మందం 9.5 మిల్లీమీటర్లకు మించకూడదు. చిటికెనవేలి గోరు వెడల్పనుకోండి. ఆ సైజులో నాలుగు, ఐదు టీబీల తిరిగే డిస్కులు 15 మిల్లీమీటర్ల మందం ఉంటాయి, అరలో పట్టవు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ దాకా వెళ్లి, టీబీలు అడిగి మందం అడగకుండా వచ్చినవాడికి మళ్లీ బస్సు చార్జీ తప్పదు. 2013 నాటి పెట్టెలో నున్నటి పైమూత పక్కకు జరిపితే ఒక లావు మర కనిపిస్తుంది. దాని తలమీద త్రిభుజం, వృత్తం, చతురస్రం, ఇంటూ గుర్తులు చెక్కి ఉంటాయి, కంట్రోలరు బొత్తాల మీదివే. అది విప్పితే డిస్కు ఉన్న తొడుగు జారి వస్తుంది, తొడుగుకు నాలుగు చిన్న మరలు. దేవాలయపు గర్భగుడికి గుమ్మం మీద మంగళచిహ్నాలున్నట్టు, ఇదొక్కచోటే ఈ పెట్టె తనను విప్పుకొమ్మని చెబుతోంది.

ప్రయోగవిధిలో పాఠశుద్ధి ముఖ్యం. కొత్త డిస్కు ఖాళీది గనుక సిస్టమ్ సాఫ్ట్‌వేరును పెన్‌డ్రైవు నుంచి ఎక్కించాలి. పెన్‌డ్రైవులో పీఎస్4 అని ఒక ఫోల్డరు, అందులో అప్‌డేట్ అని ఇంకో ఫోల్డరు, అందులో సిస్టమ్ ఫైలు. పేర్లన్నీ ఇంగ్లీషు పెద్దక్షరాల్లోనే ఉండాలి. ఖాళీ డిస్కుకు మామూలు అప్‌డేట్ ఫైలు సరిపోదు, పూర్తి ఇన్‌స్టలేషన్ ఫైలే కావాలి. త్వష్ట చేసిన యాగంలో ‘ఇంద్రశత్రు’ అన్న మాటకు స్వరం ఒకచోట పడాల్సింది ఇంకోచోట పడి, ఇంద్రుణ్ణి చంపాల్సిన వృత్రుడే చచ్చాడు. ఇక్కడ ఎవరూ చావరు, ఫైలు కనిపించలేదని తెర మొరాయిస్తుంది. పవర్ బొత్తాం నొక్కి పట్టుకుంటే మొదట ఒక కూత, ఏడు సెకన్లకు రెండో కూత. రెండోదాకా ఆగితేనే సేఫ్ మోడ్. కంట్రోలరును వైరుతో కలపాలి, గాలిలో మంత్రం పనిచేయదు. సేఫ్ మోడ్ పట్టీలో ఏడో వరస ఎంచుకున్నాక వచ్చేదే ఈ మూలం.

పాఠనిర్ణయం. అందుచేత ‘డేటా మొత్తం పోతుంది’ అన్నచోట ‘లెక్క మొత్తం పోతుంది’ అన్నదే సాధుపాఠం. ‘కానివ్వమంటారా?’ అన్నదానికి, సేవ్ ఫైళ్లు పెన్‌డ్రైవుకు ఎక్కాయని కళ్లారా చూసుకున్నవాడు అవునని నొక్కవచ్చు. తీసిన పాత డిస్కులో లెక్క ఇంకా చెరగలేదు. అందుకే సాధారణంగా అదే పెట్టెలో మళ్లీ బిగిస్తే ఎప్పటిలా లేస్తుంది, మహా అయితే ఒక అప్‌డేట్ అడుగుతుంది. కొత్తదానిలో గేము తెరుచుకుని, ఆట ఆపినచోటు నుంచే మొదలైందని తేలేదాకా దాన్ని అమ్మకండి, ఇంకెక్కడా తగిలించకండి. కొత్త డిస్కు వచ్చిన వెండిరంగు కవరులోనే దాన్ని పెట్టి, పైన తేదీ రాసి అల్మారాలో ఉంచండి.