రోహిణి కార్తెలో ఆల్ప్స్ కుక్క

మే నెల. మధ్యాహ్నం రెండు. తిరుపతి కరకంబాడి రోడ్డులో నరమానవుడు కనిపిస్తే ఒట్టు. ఒక మూడంతస్తుల మేడ గేటు వెనక, రేకుల షెడ్డు కింద మాత్రం ఒకాయన డ్యూటీలో ఉన్నాడు. సెయింట్ బెర్నార్డు. ఒంటినిండా పుట్టుకతో వచ్చిన ఉన్నికంబళి. మూరెడు నాలుక వేలాడేసుకుని రొప్పుతున్నాడు. నీళ్ల గిన్నె బోర్లాపడి ఉంది. దాని అడుగున పాచి ఎండి పెచ్చులు కట్టింది. నీడ పక్కకు జరిగింది. గొలుసు జరగలేదు.

గేటుకు నల్లగ్రానైట్ పలక. 'కుక్క ఉంది జాగ్రత్త'. ఎవరు జాగ్రత్తపడాలి సామీ? దొంగా? కుక్కా?

ఈ జాతి పుట్టిల్లు ఎక్కడ? స్విట్జర్లాండ్, ఇటలీ సరిహద్దులో, దాదాపు 2,470 మీటర్ల ఎత్తున ఉన్న కనుమ. మంచులో కూరుకుపోయిన బాటసారులను వెతకడానికి అక్కడి మఠం సన్యాసులు పెంచిన కుక్క ఇది. కరకంబాడి రోడ్డులో ఏ మంచులో ఎవరు కూరుకుపోయారని తెచ్చినారప్పా? రోడ్డు గుంతల్లో పడినవాళ్లను లాగడానికైతే చెప్పండి, చందాలేసుకుని వీధికొకటి మేమే కొంటాం.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. రోలుకే దిక్కులేకుంటే అరవై డెబ్బై కిలోల బొచ్చుకుక్క గతేంటి? కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. పాదాల మెత్తల్లో కాస్త, అంతే. మిగతాదంతా రొప్పి చల్లార్చుకోవాల్సిందే. మామూలుగానే దాని ఒంటి వేడి 38, 39 డిగ్రీలు. బయటి గాలే 42 ఉంటే రొప్పి ఏం లాభం? పొయ్యి ముందు కూర్చుని విసనకర్ర ఊపుకున్నట్టు. ఒంటి వేడి 41 దాటిందా, వడదెబ్బే. 1955 నుంచి ఊళ్లోనే పశువైద్య కళాశాల ఉంది. ఒక్క మాట అడిగుంటే చెప్పేవాళ్లు. అడిగింది ఎవరిని? ఫోన్లో కుక్కపిల్లల బొమ్మలు పంపే బేరగాణ్ని. వాడేమన్నాడు? 'కూలర్ పెట్టండన్నా, అదే అలవాటు పడతాది.' కూలర్ వచ్చింది. హాల్లోకి.

యజమాని గారి బాధ వేరే. 'పక్కింటోడు రాట్‌వైలర్ తెచ్చినాడు, మనం తగ్గితే ఎట్టా?' ఇదండీ అసలు భద్రతా సమస్య! పోనీ, దొంగే వచ్చాడనుకోండి. ఈ కుక్క వంశవృత్తి ప్రాణాలు కాపాడటం. గోడ దూకి కాలు విరగ్గొట్టుకున్నవాణ్ని నాకి మరీ లేపుతుంది. రాత్రి ఇంటికి కాపలా వాచ్‌మన్. పగలు కుక్కకు కాపలా వాచ్‌మన్. పిడుదులు ఏరేదీ అతనే.

ఇక ఏలినవారు. 2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ రాష్ట్రాలకు ఒక లేఖ విసిరింది. 23 'క్రూర' జాతుల అమ్మకం, పెంపకం బంద్. జాబితాలో ఒకచోట 'తోసా ఇను', ఇంకోచోట 'జపనీస్ తోసా'. రెండూ ఒకే కుక్క! పెంచేవాళ్లను అడిగారా? లేదు. ఏప్రిల్‌లో కర్ణాటక, ఢిల్లీ హైకోర్టులు దాన్ని కొట్టేశాయి. కుక్క కరుస్తుందని అంత హడావుడి చేశారే, కుక్కను ఎండ కరుస్తుంటే లేఖ ఏదీ?

చట్టం లేకేం, నిక్షేపంగా ఉంది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం, సెక్షన్ 11. పొట్టి గొలుసుతో గంటల తరబడి కట్టేస్తే నేరం. ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కను బయట తిప్పకపోయినా నేరమే. తొలిసారి దొరికితే జరిమానా? పది రూపాయలకు తగ్గదు, యాభైకి మించదు. కొండమీద ఒక చిన్న లడ్డు యాభై. గోవిందా!

2020 ఆగస్టు 30న ప్రధాని స్వయంగా మన్ కీ బాత్‌లో దేశీ కుక్కలను పెంచమన్నారు. ముధోల్, రాజపాళయం, చిప్పిపారై, కోంబై. మేడలవాళ్లు ఆ మాటను భక్తిగా వాట్సాప్‌లో అందరికీ పంపారు. పంపి, హస్కీకి అడ్వాన్సు కట్టారు. రాజపాళయం మనకేమైనా పరాయిదా? ఆ ఊరి రాజులు తెలుగువాళ్లే. పొట్టి వెంట్రుకలు, తెల్లటి ఒళ్లు, ఎండలో పుట్టి ఎండలో పెరిగిన జాతి. 2005లో తపాలాబిళ్ల మీదికీ ఎక్కింది. మన గేటు దాకా మాత్రం రాలేకపోయింది. దాన్ని చూసి పక్కింటోడు కుళ్లుకోడు కదా!

ఆ మేడకు ఎదురుగా వేపచెట్టు. కింద తడిమట్టి గోకి గుంత చేసుకుని, పొట్ట ఆనించి ఒక వీధికుక్క పడుకుంది. దానికి కూలర్ గురించి ఎవరూ చెప్పలేదు. మొన్న రాత్రి సందులోకి కొత్త మనిషి వస్తే మొరిగింది అదే. వాచ్‌మన్ లేచింది ఆ అరుపుకే. పొద్దున్నే యజమాని గారు బయటికొచ్చారు. దాన్ని చూశారు. కార్పొరేషన్‌కు ఫోన్ కొట్టారు.

'సార్, మా ఇంటి ముందర కుక్కలు ఎక్కువైనాయి. సెక్యూరిటీ లేకుండా పోయింది.'