పాలలెక్క పక్కన

నేను గోడ క్యాలెండరుని. డిసెంబరు ఆఖర్న కిరాణా కొట్టు నుంచి కందిపప్పు సంచిలో చుట్టగా వచ్చి, తెనాలిలో ఒక రెండు గదుల ఇంట్లో మేకుకు ఎక్కాను. ఆ మేకుకే దారంతో ఒక పెన్సిలు ముక్క కట్టారు. తిథి, నక్షత్రం, రాహుకాలం నాలో అచ్చయి ఉన్నవి. గడిలో మిగిలిన జాగా ఇంటివాళ్లది. పాలు పోయని రోజు ఇంటూ గుర్తు, గ్యాసు బండ మార్చిన తేదీ, చీటీ పాట, ఎవరి జాకెట్టు ఎప్పటికి ఇవ్వాలో ఆ పేరు.

ఇంటావిడ జాకెట్లు కుడుతుంది. మిషను సరిగ్గా నా ఎదురుగా ఉండేది. సాయంత్రం నాలుగయ్యేసరికి ఆవిడ చెయ్యి మెడ వెనక్కి పోయేది. తర్వాత రెండు కణతలూ నొక్కుకునేది. "తల చుట్టూ తాడు కట్టి బిగదీస్తున్నట్టుందే" అనేది కూతురితో. వాంతి లేదు, వెలుతురు చూడలేకపోవడం లేదు. లేచి అన్నం వార్చేది, మళ్లీ వచ్చి కూర్చునేది. బాము రాసుకుని, తుండు బిగించి కట్టుకుని, కాఫీతో ఒక బిళ్ళ మింగేది.

ఏప్రిల్లో సెలవలకి వచ్చిన కూతురు అడిగింది, "నెలకి ఎన్నిసార్లు వస్తోందమ్మా?"

"ఎప్పుడో ఒకసారిలే."

"అయితే రాద్దాం." ఆ పిల్ల పెన్సిలు అందుకుని పాలలెక్క పక్కన చిన్న 'త' రాసింది. బిళ్ళ వేసుకుంటే దాని చుట్టూ సున్నా. కాలేజీకి వెళ్లిపోతూ పెన్సిలు తల్లి చేతిలో పెట్టింది.

మే, జూన్, జూలై. నా మీద సున్నాలు చిక్కబడుతూ వచ్చాయి. శ్రావణం తెచ్చిన పనికి రాత్రి పదకొండు దాకా మిషను ఆగలేదు. వరలక్ష్మీ వ్రతం ముందు వారమంతా మధ్యాహ్నం భోజనం మూడింటికి. ఆగస్టు కాగితంలో సున్నాలు 18. మళ్లీ ఇంటికొచ్చిన కూతురు లెక్కపెట్టి, ఇంకేమీ మాట్లాడకుండా నన్ను మేకు మీంచి తీసి సంచిలో పెట్టింది.

డాక్టరుగారు బీపీ చూశారు. మెడ పక్క కండరం నొక్కితే ఆవిడ "అమ్మో" అంది. ఇది టెన్షన్ తలనొప్పి అన్నారాయన.

"నాకేం టెన్షన్లు లేవండీ డాక్టరుగారూ."

"మనసులో దిగులుంటేనే రావాలని లేదమ్మా. గంటల తరబడి మెడ వంచితే, వేళకి తినకపోతే, నిద్ర చాలకపోతే కూడా వస్తుంది." తర్వాత నా సున్నాల మీద వేలు పెట్టారు. మామూలు నొప్పి బిళ్ళలు నెలకి 15 రోజులు, అంతకు మించి, మూడు నెలలు దాటి వాడితే ఆ బిళ్ళలే తలనొప్పి తెస్తాయట. ఆవిడ ముఖం చూశాను. తగ్గిస్తుందని నమ్మిన దాని మీదే అనుమానం పడాల్సి రావడం ఎంత కష్టమో అందులో కనిపించింది.

వైద్యం ఉందని తెలుసుకుని మనుషులు నెమ్మదిస్తారు గానీ, ఏది ఇంట్లో చూసుకోకూడదో కూడా తెలియాలి. కూతురు అది నా వెనక రాసుకుంది: పిడుగు పడ్డట్టు ఒక్కసారిగా వచ్చే నొప్పి, జ్వరంతో మెడ బిగుసుకోవడం, మాట తడబడటం, చెయ్యో కాలో పట్టు తప్పడం, తలకి దెబ్బ తగిలాక నొప్పి, 50 ఏళ్లు దాటాక కొత్తగా మొదలైన నొప్పి. వీటిలో ఏదొచ్చినా వెంటనే ఆసుపత్రికి.

బిళ్ళలు ఆపిన సెప్టెంబరు మొదటి పది గళ్లలోనూ 'త'. ఇలా ముందు పెరుగుతుందని డాక్టరుగారు చెప్పబట్టి ఆవిడ ఓర్చుకుంది. వేడినీళ్లలో ముంచి పిండిన తుండుని తలకి కాకుండా మెడకీ భుజాలకీ వేసుకుంది. మిషను కిటికీ దగ్గరికి జరిగింది, స్టూలు కింద రెండు పలకలు చేరాయి. కళ్లజోడు వచ్చింది. ఒక్కో జాకెట్టుకి చేతులు అతకగానే లేచి, భుజాలు తిప్పి, గ్లాసుడు నీళ్లు తాగి కూర్చునేది. ఒంటిగంటకి కంచం. పదింటి తర్వాత మిషనుకి గుడ్డ కప్పేసేది.

కార్తీకంలో మళ్లీ 'త'లు, అదీ సోమవారాల్లోనే. చుక్కని చూసేదాకా ఉపవాసం, రోజూ తాగే కాఫీ కూడా లేదు. కాఫీ హఠాత్తుగా మానినా తల పట్టేస్తుంది. మూడో సోమవారం పాలూ అరటిపండూ తీసుకుంది, దానికి ముందు నాలుగు రోజులుగా కాఫీ కొంచెం కొంచెం తగ్గించింది. ఆ గడి ఖాళీగా ఉంది. నా ఒంటి మీద అంత ఇష్టంగా నేను చూసుకున్న గడి ఇంకొకటి లేదు.

డిసెంబరులో 'త'లు మూడు, సున్నా ఒకటి.

నిన్న కొత్త క్యాలెండరు వచ్చింది. పెన్సిలు దారం విప్పి దానికి కట్టారు. నా కాగితాలు జాకెట్టు కొలతలకి పనికొస్తాయని ఆవిడ బల్ల మీద పరిచింది. ఆగస్టు కాగితాన్ని తిరగేసి, సుద్దతో గీసి, చేతి ముక్కకి కత్తిరించింది. వెనక కూతురు రాసిన మాటలున్న చోటు మాత్రం విడిగా కత్తిరించి, మందుల డబ్బా మూతకి అంటించింది.