వానలో పోండి, ఆకలితో ఎక్కండి

మా ములుగు నుంచి రాజీవ్ రహదారి మీద పడితే పొద్దుగూకేలోపు ధూళికట్ట బౌద్ధ స్తూపం చూసి రావచ్చు. దగ్గరే కదా అని ముందు అక్కడికి పోకండి. రాత్రంతా బస్సులో నడుము నొప్పి పుట్టినా సరే, గుంటుపల్లి బౌద్ధ గుహలకు పోండి. ధూళికట్ట చేల మధ్య ఉంది. అడవిలో బతికిన భిక్షువు సంగతి చెట్ల నడుమే తెలుస్తుంది. మా ఊళ్ళో అటవీ కళాశాల ఉంది కాబట్టి ఈ మాట ముఖ్యంగా అక్కడి పిల్లలకు చెబుతున్నాను. ఏలూరు నుంచి కామవరపుకోట, అక్కడి నుంచి జీలకర్రగూడెం. ఊరి పక్కనే ఇసుకరాతి కొండ.

అందరూ చలికాలంలో పొమ్మంటారు. నేను శ్రావణంలో, ముసురు పట్టినప్పుడు పొమ్మంటాను. ఆషాఢ పౌర్ణమి దాటాక మూడు నెలలు భిక్షువు ఊళ్ళు తిరగకూడదు, ఒక్కచోటే ఉండాలి. వానకు మొలిచిన పచ్చిక, చిన్న చిన్న పురుగులు కాళ్ళ కింద నలిగిపోతాయని ఆ నియమం. ఎండలో చూస్తే ఆ కొండలో తొలిచిన భిక్షువుల గదులు వట్టి రాతి బొరియల్లా ఉంటాయి. బయట వాన కొడుతుంటే లోపల గోడకు వీపు ఆనించి కూర్చోండి, అవి ఇళ్ళని తెలుస్తుంది. మెట్ల మీద పాకుడు ఉంటుంది, పట్టున్న బూట్లు వేసుకోండి. ఉరిమితే కొండ మీద నిలబడవద్దు.

టిఫిను చేయకుండా ఎక్కండి. షుగరున్నవాళ్ళు మాత్రం తినే ఎక్కాలి. భిక్షువు మధ్యాహ్నం దాటితే ముద్ద ముట్టడు. ఆ ముద్ద కూడా ఊళ్ళో అడిగి తెచ్చుకున్నదే. అందుకే విహారం ఊరికి మరీ దగ్గర ఉండకూడదు, మరీ దూరమూ ఉండకూడదు. దగ్గరైతే గోల, దూరమైతే పస్తు. పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా నాకు ఈ లెక్క తలకెక్కలేదు. ఖాళీ కడుపుతో పైకెక్కి ఊరి వైపు చూసిన రోజు ఎక్కింది.

ఇక గుండ్రటి గుహ. క్రీస్తుకు ముందటి రెండు వందల ఏళ్ళలో తొలిచినది. లోపలికి పోగానే స్తూపానికి దండం పెట్టి వచ్చేస్తారు చాలామంది. మీరు స్తూపాన్ని తర్వాత చూడండి, ముందు తలెత్తండి. కప్పంతా వాసాలు. రాతిలో వాసాలతో పనే లేదు, బరువు మోసేది కొండే. అయినా ఒక్కొక్కటీ ఓపిగ్గా చెక్కారు. బిహార్‌లోని బరాబర్ కొండల్లో అశోకుడు ఆజీవకులనే సన్యాసులకు ఇచ్చిన సుదామ గుహలోనూ గుడిసె లాంటి గుండ్రటి గది ఉంది. అయితే గుంటుపల్లి కప్పు చూస్తే నాకు గుర్తొచ్చింది మా అమ్మమ్మ గుడిసె. చాప మీద వెల్లకిలా పడుకుని నేను లెక్కపెట్టిన వాసాలు అవే. ఇంత పెద్ద పని తలపెట్టిన శిల్పి కూడా తనకు తెలిసిన ఇంటినే రాతిలో దించాడు. ఎంతసేపైనా చూడండి. ఫోను సంచీలోనే ఉండనివ్వండి.

ఆ స్తూపాన్ని చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ధర్మలింగేశ్వరుడని కొలుస్తారు. చదువుకున్నవాళ్ళకు వెంటనే నోరు దురద పెడుతుంది. ఆపుకోండి. భిక్షువులు పోయి వందల ఏళ్ళైనా ఆ రాతి ముందు దీపం పెట్టింది వాళ్ళే. అక్కడ ఏ పెద్దమ్మైనా కొబ్బరికాయ కొడుతుంటే, “ఇది శివుడు కాదమ్మా” అని దిద్దకండి. పక్కన నిలబడండి. ఆమె ఓ కొబ్బరి ముక్క ఇస్తే రెండు చేతులూ చాచి తీసుకోండి. పొద్దున్నుంచి ఆకలితో ఉన్నారు కదా.