పెద్దింటి ఇల్లరికం

అమెరికాలో ఒక ఐవీ లీగ్ యూనివర్సిటీ నుంచి మన కోచ్‌గారికి సంబంధం కబురొచ్చింది. లాక్రోస్ జట్టుకు హెడ్ కోచ్ కావాలట. ఈ కోచ్‌గారు నేను కల్పించిన మనిషే, కాబట్టి ఊరూ పేరూ అడక్కండి. ఆయన తలనొప్పి మాత్రం కల్పన కాదు.

లాక్రోస్ అంటే చివర వలబుట్ట ఉన్న కర్రతో రబ్బరు బంతిని పట్టి, విసిరి, అడ్డొచ్చినవాణ్ని కర్రతో అదిలించి, ఆరడుగుల గోల్లోకి కొట్టే ఆట. జట్టుకు పదిమంది. ఇది హోడెనొషోనీ సమాఖ్య ఆదివాసుల ఆట. పోనుపోను ఖరీదైన ప్రైవేటు బడుల పిల్లల చేతికి చేరింది. ఐవీల్లో ఒకటైన కార్నెల్ యూనివర్సిటీ కట్టిన నేల కూడా ఆ సమాఖ్యలోని కయూగా వాళ్లదే. అంత నేల చేతులు మారిన చోట ఒక కర్రా బంతీ మారడం ఏం వింత!

ఐవీ లీగ్‌లో ఎనిమిది పెద్దిళ్లుంటే, ఏడింటికి మగపిల్లల లాక్రోస్ జట్టుంది. కొలంబియా ఒక్కటే ఈ గొడవలోకి దిగలేదు. తెలివిగల ఇల్లు.

పెద్దింటి సంబంధమంటే ఎవరికి చేదు? అయితే ఇది ఇల్లరికం. మామగారు, అంటే అథ్లెటిక్ డైరెక్టర్, భుజం తట్టి "అంతా నీదేనయ్యా" అంటాడు. కొట్టుగది తాళంచెవి మాత్రం అత్తగారి బొడ్లో ఉంటుంది. ఆవిడే అడ్మిషన్స్ ఆఫీసు. పాత ఆటగాళ్లయిన బావమరుదులు చందాలిస్తారు, చందాతో పాటు సలహాలూ ఇస్తారు.

అత్తగారి దగ్గర అకడమిక్ ఇండెక్స్ అని ఒక పంచాంగం ఉంది. కుర్రాడి మార్కులూ, పరీక్ష స్కోరూ కలిపి ఒక అంకె తీస్తారు. ఆటగాళ్ల సగటు మిగతా విద్యార్థుల సగటు నుంచి మరీ కిందికి జారకూడదు. మన ముప్పై ఆరు గుణాల పొంతన దీనిముందు దిగదుడుపే. కుర్రాడి చేతిలో బంతి తుపాకీ గుండులా వెళ్తుంది గానీ లెక్కల్లో బి వచ్చింది. అంతే, కుజదోషం.

ఆగస్టు 31 రాత్రి ఈ కోచ్‌గారి ఇంటికి వెళ్లి చూడాలి. సెప్టెంబరు 1న పదకొండో తరగతి పిల్లలతో మాట్లాడ్డానికి గేట్లు తెరుస్తారు. 2017లో ఈ రూలు పెట్టకముందు మీసం మొలవని ఎనిమిదో క్లాసు పిల్లలకు కూడా తాంబూలాలు పుచ్చేసుకునేవారు. (ఆరో క్లాసులోనే ఐఐటీ ఫౌండేషన్‌లో వేసే మనం ముక్కున వేలేసుకోనక్కర్లేదు.) గడియారం పన్నెండు కొట్టగానే దేశమంతా కోచ్‌ల ఫోన్లు టిక్కుటిక్కుమంటాయి. మిగతా కోచ్‌లు "నీ ఎడంచేతి షాట్ చూసి మతిపోయింది తమ్ముడూ" అని కొడతారు. మన కోచ్‌గారు కళ్లజోడు సవరించుకుని, ఒక్కో అక్షరం నొక్కుతూ, "ట్రాన్స్‌క్రిప్ట్ పంపు నాన్నా" అని కొడతాడు.

ఇక కట్నాల సంగతి. మొన్నమొన్నటిదాకా కాలేజీ ఆటల పైమెట్టయిన డివిజన్ వన్‌లో ఒక మగపిల్లల లాక్రోస్ జట్టుకు ఇవ్వగలిగిన స్కాలర్‌షిప్పులు గరిష్ఠంగా 12.6. ఆ పాయింటు ఆరు కుర్రాడు ఎలా ఉంటాడో నేనెప్పుడూ చూడలేదు. దాన్నే నలభై, యాభైమందికి పులిహోరలా పంచేవారు. 2025లో ఆ లెక్క చెరిపేసి, కాలేజీలు ఆటగాళ్లకు నేరుగా డబ్బివ్వొచ్చన్నారు. ఐవీ వాళ్లు "మా ఇంటావంటా లేదు" అన్నారు. ఆట కోసం పైసా ఇవ్వరు. ఇంటి ఆదాయం చూసి సాయం చేస్తారు, అది మాత్రం ధారాళంగానే. 2 లక్షల డాలర్ల లోపు ఆదాయముంటే ట్యూషన్ ఫీజే వద్దని హార్వర్డ్ 2025లో ప్రకటించింది. చిక్కల్లా ఒకటే. కర్రలూ, హెల్మెట్లూ, క్లబ్బు ఫీజులూ, వేసవి టోర్నమెంట్ల హోటల్ బిల్లులూ కట్టుకుంటూ వచ్చిన ఇళ్లలో చాలావాటి ఆదాయం ఆ గీతను ఎప్పుడో దాటిపోయింది.

ఆ కొట్టుగది తాళంచెవి విలువెంతో 2019లో దేశం మొత్తానికీ తెలిసొచ్చింది. బంతి ముఖం చూడని పిల్లల్ని ఆటగాళ్లుగా రాయించడానికి కలవారు లంచాలు పెట్టారు. ఐవీ ఇల్లే అయిన ఏల్‌లో ఆడపిల్లల సాకర్ కోచ్ నేరం ఒప్పుకున్నాడు. ఆ తర్వాత కోచ్ ఏ చీటీ పట్టుకెళ్లినా అత్తగారు దాన్ని వెలుతురుకి పెట్టి చూడదా మరి?

పోనీ నాలుగేళ్లు పెంచి తయారుచేస్తే, దెబ్బ తగిలి ఒక సీజన్ పోయినవాడు డిగ్రీ చేతికి రాగానే ఆ మిగిలిన ఏడాది ఆడడానికి వేరే యూనివర్సిటీకి చెక్కేస్తాడు. ఐవీలో పీజీ చేస్తూ ఆడడం కుదరదు. చెట్టు మనది, పండు పక్కవీధిది.

ఇన్ని ఉన్నాయి గనక ఓడిపోయినా "చదువుల బడి కదండీ" అని తప్పించుకోవచ్చనుకున్నాడు పాపం. ఆ దారీ మూసేశారు. బిల్ టియర్నీ అనే కోచ్ ఐవీలోనే ఉన్న ప్రిన్స్‌టన్‌కి 1992 నుంచి 2001 లోపు ఆరు జాతీయ టైటిళ్లు తెచ్చిపెట్టాడు. 2018లో ఏల్ గెలిచింది. 2025లో కార్నెల్ కూడా మేరీలాండ్‌ను ఓడించి ఎత్తుకుపోయింది. తోడల్లుడు అంత బాగా వండితే నీ కూరలో ఉప్పెక్కువైందని చెప్పడం మామగారికి సులువు. అన్నట్టు, ఆ టియర్నీ కూడా 2009లో పెద్దిల్లు వదిలి కొండల్లో ఉన్న డెన్వర్‌కు వేరు కాపురం వెళ్లిపోయాడు. 2015లో అక్కడా గెలిచాడు.

ఇవన్నీ కాగితం మీద రాసుకుని, కుడివైపు లాభాలూ ఎడమవైపు నష్టాలూ వేసుకుని, మన కోచ్‌గారు భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాడు. కుడివైపు ఒక్కటే ఉంది: "పేరు". దానికింద రెండు గీతలు. భార్య ఆ కాగితం చదివి, పదో తరగతి చదువుతున్న కొడుకు గది వైపు చూసింది.

"సరే, వెళ్దాం. మరి మనవాడికి అక్కడ సీటిస్తారా?"

"అడిగాను," అన్నాడు కోచ్‌గారు, కలం మూత పెడుతూ. "ట్రాన్స్‌క్రిప్ట్ పంపమన్నారు."