మా రోజుల్లో అడిగేవాడికి మొహం ఉండేది

మా రోజుల్లో ప్రైవసీ అనేది లేదు. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత ముసలాయన పాతకాలాన్ని నెత్తికెత్తుకున్నాడని అనొద్దు. ఊరికి కార్డు వస్తే అది నా చేతికి అందేలోపే సగం బజారుకు సంగతి తెలిసేది. పోస్టుమాన్ సైకిలు దిగకముందే "సారూ, మీ చెల్లెలికి మళ్లీ ఆడపిల్లేనట" అని కేకేసేవాడు. ఇక ట్రంక్ కాల్ వచ్చిందంటే పోస్టాఫీసులో నిలబడి గొంతు చించుకుని మాట్లాడాలి. అల్లుడు అలిగిన సంగతి ఫోన్లో అవతలివాళ్లకు వినపడేదో లేదో గానీ వరండాలో మనియార్డరు కోసం కూర్చున్నవాళ్లందరికీ వినపడేది. రేడియో కొనుక్కుంటే దానికీ లైసెన్సు. ఏటా పోస్టాఫీసుకెళ్లి డబ్బులు కట్టాలి. అంటే ఎవరింట్లో రేడియో ఉందో సర్కారుకు లెక్క తెలుసన్నమాట.

హైదరాబాదులో కంప్యూటర్ ఉద్యోగం చేసే మా మనవడు పండక్కి వచ్చి నాకు పాఠం మొదలుపెట్టాడు. "తాతా, 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది జడ్జీలు కూర్చుని ప్రైవసీ ప్రాథమిక హక్కు అని తేల్చేశారు. ఆ కేసు వేసింది పుట్టస్వామి గారని కర్ణాటక హైకోర్టు రిటైర్డ్ జడ్జి. అప్పటికే ఎనభై దాటినాయన" అన్నాడు. ఆ వయసులో సర్కారు మీద కోర్టుకెళ్లినాయనకు చేతులెత్తి మొక్కాల్సిందే. కానీ ఇంతా చెప్పిన మనవడే, సాయంత్రం నా ఫోన్లో ఏదో యాప్ ఎక్కిస్తూ అది అడిగినవాటన్నిటికీ చదవకుండా ‘సరే’ నొక్కుకుంటూ పోయాడు. నా ఫొటోలు చూస్తాడట, నా కాంటాక్టులు చూస్తాడట, నేనెక్కడున్నానో చూస్తాడట. "ఎవడ్రా చూసేది?" అంటే "ఎవరూ కాదు తాతా, కంపెనీ" అన్నాడు. నా బాధంతా అదే. చూసేది ఎవరూ కాదట!

మా రోజుల్లో చూసేవాడు ఫలానా అని తెలిసేది. మాది గోదావరికి ఇటు ఒడ్డు, నిజాం పద్ధతి. మాలీ పటేలు, పోలీసు పటేలు, పట్వారీ. అటు ఒడ్డున భద్రాచలం, నూగూరు తాలూకాలు 1959 దాకా తూర్పుగోదావరి జిల్లా. అక్కడ కరణం, మునసబు. పేర్లు వేరైనా పనొకటే. ఎవరి చేను ఎంత, ఎవరి గొడ్లు ఎన్ని, ఎవరు ఎవరికి బాకీ, అన్నీ వాళ్ల దగ్గరుండేవి. వాళ్లేమీ ధర్మరాజులు కాదు. ఏజెన్సీలో గిరిజనేతరుల చేతికి భూమి పోకూడదని 1/70 చట్టం తెచ్చినా, కోయోళ్ల చేను భూమి లెక్క రాసే పహాణీలో ఇంకొకరి పేరు మీదికి ఎలా పాకిందో పట్వారీనే అడగాలి. అయితే ఆ అడగడానికి ఒక మనిషంటూ ఉండేవాడు. పొద్దున్నే వాడి అరుగు ముందు నిలబడి, "ఏమయ్యా, నా ఎకరం ఏం చేశావ్?" అని నిలదీయొచ్చు. వాడు తప్పించుకు తిరిగినా మల్లెలమడుగు సంతలో ఎదురుపడక తప్పదు. ఎన్టీఆర్ వచ్చాక పటేల్, పట్వారీ వ్యవస్థ పోయింది. పీడ పోయిందని సంతోషించినవాళ్లలో నేనూ ఉన్నాను. తర్వాత గ్రామ రెవెన్యూ అధికారులు, అదే వీఆర్వోలొచ్చారు. వాళ్ల మీదా మంచి మాట చెప్పినవాడు తక్కువే.

2020 సెప్టెంబరులో తెలంగాణ సర్కారు వీఆర్వోలను ఎత్తేసింది. ఆ ఏడాదే భూముల లెక్కకు ధరణి వెబ్‌సైటు అన్నారు. మధ్యలో మనిషి లేకపోతే లంచం ఉండదట. వినడానికి బాగానే ఉంది. తీరా చూస్తే కొందరి సర్వే నంబరు మాయం, కొందరి విస్తీర్ణంలో కుంటలు మాయం, కొందరి పట్టా భూమి నిషేధిత జాబితాలో. పహాణీలో తాతల నాటినుంచి ఉన్న అనుభవదారు కాలమ్‌నే ఎత్తేశారు. దున్నేవాడి పేరుకు గడి లేదు! ఎవరిని అడగాలి? మీసేవలో కూర్చున్న కుర్రాడు "సైట్లో అలానే చూపిస్తోంది అంకుల్" అంటాడు. వాడి తప్పేముంది, వాడికి చూపిస్తున్నదే వాడు చెబుతాడు. సైటు అరుగు మీద కూర్చోదు, సంతలో ఎదురుపడదు. చివరికి 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి తెచ్చారు, అనుభవదారు కాలమ్ వెనక్కి వచ్చింది. ఆ ఏడాది సెప్టెంబరులో దాదాపు 5 వేల మంది గ్రామ పాలనాధికారులను ఊళ్లకు పంపారు. మనిషి లేకుండా ఊరి లెక్క నడవదని సర్కారుకు తెలియడానికి ఐదేళ్లు పట్టింది. మా ఊరి రచ్చబండ మీద అడిగితే ఐదు నిమిషాల్లో చెప్పేవాళ్లం.

అడవిలో పోడు సాగు సంగతి ఇంకో తమాషా. 2006 అటవీ హక్కుల చట్టం కింద 2005 డిసెంబరు 13 నాటికే సాగులో ఉన్నానని చూపించుకోవాలి. దానికి ఊరి పెద్దల మాట కూడా సాక్ష్యంగా పనికొస్తుందని ఆ చట్టం నియమాల్లోనే ఉంది. కానీ పెద్దమనిషి చెప్పేదానికన్నా ఆకాశంలోంచి తీసిన ఫొటోకి విలువెక్కువ. ఫొటోలో పచ్చగా కనపడింది కాబట్టి అడవేనంటారు. అయ్యా, జొన్న చేనూ పచ్చగానే ఉంటుంది! 2023 జూన్‌లో నాలుగు లక్షల ఎకరాలకు పైగా పట్టాలిచ్చారు, కాదనను. ఇచ్చినవి ఇచ్చారు. రానివాళ్లు ఎందుకు రాలేదో అడగడానికి ఆకాశం వైపు చూడాలి.

అడగడమంటే గుర్తొచ్చింది. ఈ సర్కార్లు మమ్మల్ని అడిగినన్ని ప్రశ్నలు మా ఆవిడ కూడా అడగలేదు. 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే. బస్సుల్లేవు, కొట్లు మూత, హైదరాబాదులో పనిచేసే పిల్లలంతా ఊళ్లకొచ్చి గుమ్మంలో కూర్చున్నారు. పెళ్లికి రానివాళ్లు కూడా సర్వేకి వచ్చారు. పదేళ్లు తిరక్కుండా 2023 డిసెంబరు 28 నుంచి ప్రజాపాలన దరఖాస్తులు, మళ్లీ ఆధార్ జిరాక్సు, రేషన్ కార్డు జిరాక్సు. కొద్దిరోజులకే ఆ దరఖాస్తులు కొన్ని హైదరాబాదు బాలానగర్ ఫ్లైఓవర్ మీద గాలికి ఎగురుతూ టీవీల్లో కనిపించాయి. జనం కుటుంబాల వివరాలన్నీ బండి మీదనుంచి జారిపోయాయి. మా పట్వారీ వెధవే కావచ్చు గానీ పహాణీని సందూకాలో పెట్టి తాళం వేసుకునేవాడు. 2024 నవంబరులో మళ్లీ ఇంటింటి సర్వే. ఈసారి 75 ప్రశ్నలు. మేకలెన్ని, బాకీ ఎంత, ఎందుకు చేశారు, అన్నీ చెప్పాం. పాపం, రాసుకోవడానికి వచ్చింది మా బడి టీచరే, మొహం ఎరిగినది కాబట్టి చెప్పాం.

ఇన్ని అడిగినవాళ్లు అసలైన ప్రశ్న మాత్రం అడగలేదు. 2014 మే నెలాఖరున ఢిల్లీలో ఆర్డినెన్సు మీద సంతకం పడింది, పోలవరం కోసం ఏడు మండలాలు ఆంధ్రలో కలిశాయి. ఏ రాష్ట్రంలో ఉంటారని ఆ ఊళ్లలో ఎవరూ ఎవర్నీ అడగలేదు. ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు పంచాయతీలు మమ్మల్ని భద్రాచలంలోనే కలపండని అప్పట్నుంచీ మొత్తుకుంటున్నాయి. రాముడు తెలంగాణలో, రాముడి మాన్యం పురుషోత్తపట్నంలో, అంటే ఆంధ్రలో. భద్రాచలం నుంచి చర్ల బస్సెక్కినవాడు తన జిల్లాలోనే తిరుగుతూ మధ్యలో వేరే రాష్ట్రం దాటుతాడు. మేకల లెక్క కన్నా ఇది చిన్న విషయమా?

వేలిముద్రల బాధ వేరే. తునికాకు కోసే చేతులు, మిరపకాయలు ఏరే చేతులు ఏళ్ల తరబడి అరిగిపోయుంటాయి. రేషన్ షాపులో ఓ ముసలమ్మ మిషన్ మీద వేలు పెడితే మిషన్ ఒప్పుకోదు. కన్ను చూపించమంటారు. కంట్లో శుక్లం. ఓటీపీ వస్తుందంటారు. నంబరు కొడుకు దగ్గర, కొడుకు ఖమ్మంలో మేస్త్రీ పనిలో, ఫోన్ ఛార్జింగులో. షాపతను ఆ ముసలమ్మను తను పుట్టినప్పటి నుంచీ ఎరుగు. "నాకు తెలుసమ్మా, కానీ దీనికి తెలియాలి కదా" అంటాడు. ఉపాధి పనిలోనూ అంతే. 2023 జనవరి నుంచి పనిచోట రోజుకు రెండు ఫొటోలు యాప్‌లో ఎక్కించాలన్నారు. మా అడవిలో సిగ్నల్ కోసం గుట్టెక్కాలి. సరే, దీనివల్ల దొంగ హాజరైనా ఆగిందా? ఫొటోను ఫొటో తీసి ఎక్కిస్తున్నారని 2025 జూలైలో కేంద్ర సర్కారే ఉత్తర్వులో రాసుకుంది. దొంగకు యాప్ అడ్డం కాలేదు, కూలీకే అయింది.

ఇక ఫోన్లో డబ్బులు పంపడం. సౌకర్యమే, కాదంటే కళ్లుపోతాయి. చిల్లర గొడవ తీరింది. కానీ కొట్లో పెట్టిన ఆ మాట్లాడే డబ్బా ఉందే! మా వీధిలో ఒకాయన మందు మానేశానని ఇంట్లో ఒట్టేశాడు. కొట్టు ముందు చప్పుడు కాకుండా నిలబడి ఫోను చూపించాడు. డబ్బా బజారంతా వినపడేలా ‘రెండొందల నలభై రూపాయలు అందినవి’ అని చాటింది. టముకు కొట్టేవాడైతే కనీసం మొహమాటపడేవాడు.

వార్తల సంగతికొద్దాం. మా రోజుల్లో పేపర్లు పక్షపాతం లేకుండా రాసేవని నేననను. ఖమ్మం జిల్లా టీకొట్టులో విశాలాంధ్ర ఉండేది, తర్వాత ప్రజాశక్తి కూడా వచ్చింది. ఒకటి సీపీఐది, ఒకటి సీపీఎంది, దాచిపెట్టిందేమీ లేదు. రేడియో సర్కారుదని చంటిపిల్లాడికి తెలుసు. ఎమర్జెన్సీలో అది ఏం చెప్పిందో, ఏం చెప్పలేదో చూసినవాళ్లమే. 1983 నుంచి శాంతిస్వరూప్ గారు దూరదర్శన్‌లో వార్తలు చదివినా, రాసిచ్చింది సర్కారేనని తెలిసే విన్నాం. ఇప్పుడూ ఏ పేపరు, ఏ ఛానల్ ఎవరిదో జనానికి తెలుసు. తెలియనట్టు నటించేది ఆ ఛానళ్లే. అప్పటికీ ఇప్పటికీ తేడా బల్లలో ఉంది. ఆ రెండు పేపర్లూ ఒకే బల్ల మీద ఉండేవి. ఈయన పైకి చదివితే ఆయన ఖండించేవాడు, టీ చల్లారేది, ఇద్దరికీ రెండు వైపులా చెవిన పడేవి. ఇప్పుడు ఒక్కొక్కరి చేతిలో ఒక్కో ఫోను. నిన్న తిట్టు వీడియో చూస్తే ఈరోజు ఇంకా పెద్ద తిట్టు వీడియో తెచ్చిస్తుంది. ఎదుటివాడి పేపరు ఎలా ఉంటుందో కూడా మర్చిపోయారు.

వరద వార్తలే చూడండి. 1986 ఆగస్టులో గోదావరి భద్రాచలం దగ్గర 75.6 అడుగులకొచ్చింది. అప్పుడు రేడియో చెప్పింది ఎన్ని అడుగులుందో, ఎటు పోవాలో. 2022 జూలైలో 71.3 అడుగులు, 1986 తర్వాత అంత ఎత్తు అదే. 17వ తేదీన వచ్చిన అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ గారు, క్లౌడ్ బరస్ట్ వెనుక విదేశాల కుట్ర ఉందేమోనన్న అనుమానం ఉందన్నారు. ఇక చూడండి, ఏ ఛానల్ పెట్టినా కుట్ర ఉందా లేదా అనే చర్చ. ముంపు కాలనీల్లో బురద తోడుకునేవాళ్ల ఊసు కింద పరిగెత్తే అక్షరాల్లోకి పోయింది.

మొహం ఉన్న ప్రతివాడూ మంచోడని నా వాదన కాదు. చర్ల, దుమ్ముగూడెం అడవి పల్లెల్లో "రాత్రి ఎవరొచ్చారు, ఎవరికి అన్నం పెట్టారు?" అని పగలు పోలీసులు అడిగారు, రాత్రి నక్సలైట్ అన్నలు అడిగారు. ఆ మొహాలు తలచుకుంటే ఇప్పటికీ నిద్రపట్టనివాళ్లున్నారు. ఎవరో వింటున్నారన్న భయం వాళ్లకు ఏళ్ల నాటిది. 2024 మార్చిలో హైదరాబాదులో ఫోన్ ట్యాపింగ్ కేసు బయటపడ్డప్పుడు పట్నపోళ్లు గుండెలు బాదుకుంటే మావాళ్లకు వింతనిపించలేదు. ఆ పాత భయంతోనే, అంతకుముందు 2023లో డేటా రక్షణ చట్టం వచ్చిందంటే ఆశపడ్డాను. చదివితే ఏముంది? ఆ చట్టంతోనే సమాచార హక్కు చట్టంలో 8(1)(జె) సెక్షన్ మార్చేశారు. అధికారి గురించి మనమడిగితే అది ఆయన వ్యక్తిగతమని చెప్పి పంపించడం తేలికైపోయింది. మా మేకల సంగతి మాత్రం వ్యక్తిగతం కాదు.

కాబట్టి మండలంలో ఉన్న దొరలకు నా మనవి ఇంతే. యాప్‌లు మీ ఇష్టం, పెట్టుకోండి. రేషన్ షాపులో వేలిముద్ర పడనివాళ్ల కోసం ఒక రిజిస్టరు పెట్టించండి, బియ్యం ఇచ్చి రాసుకోమనండి. మా కాగితాలు తీసుకుంటే రసీదు ఇవ్వండి. ఆ రసీదు మీద ముద్ర చాలదు, తీసుకున్న మనిషి పేరు, కూర్చునే గది నంబరు రాయండి. ఫోన్ నంబరు కూడా రాస్తే మంచిదే. మీరు ఎత్తకపోయినా ఫర్వాలేదు, మేమే నడిచొచ్చి అడుగుతాం.